కీళ్ల మార్పిడి ప్లాస్టిక్ తొందరగా అరగకుండా ఎలా తయారుచెయ్యాలి

మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఎవరైనా మెట్లెక్కలేక ఆగిపోతే "మోకాలి చిప్పలు అరిగిపోయాయి" అంటాం కదా, ఆపరేషన్ చేయించి కొత్త కీలు పెట్టించాక కూడా ఆ అరుగుదల ఆగదండి, కాకపోతే ఇప్పుడు అరిగేది ఎముకల మధ్య గుజ్జు కాదు, అక్కడ పెట్టిన తెల్లటి ప్లాస్టిక్ ముక్క. మోకాలికైతే అది పలకలా ఉంటుంది, తుంటికైతే చిన్న గిన్నెలా ఉంటుంది, ఆ గిన్నెలో లోహపు బంతో సిరామిక్ బంతో తిరుగుతుంటుంది. నేను ఎంటెక్‌లో ఈ గిన్నె ప్లాస్టిక్ మీదే ప్రాజెక్టు చేశాను, తర్వాత కూడా దాన్ని వదల్లేదు, ఈ మధ్య పాలిమర్స్, బయోమెడికల్ చదివే పిల్లలు "అరుగుదల తగ్గాలంటే రేడియేషన్ ఎంత కొట్టించాలి సార్" అని అడుగుతున్నారు, అందుకే తెలిసిందంతా ఒకచోట రాస్తున్నా. ముందే ఒక మాట చెప్తా, రేడియేషన్ కొట్టించడం ఇందులో తేలికైన పని, కొట్టించాక లోపల మిగిలిపోయే ఫ్రీ రాడికల్స్‌ని (బంధం తెగి ఇంకోదాన్ని పట్టుకోవాలని చూసే చోట్లని) ఏం చేస్తారన్నదే అసలు పని, ఆ లెక్క తప్పితే మొదట్లో బ్రహ్మాండంగా కనిపించిన మెటీరియల్ కొన్నేళ్లకి పెళుసెక్కి పెచ్చులూడుతుంది.

ముందు అది ఎందుకు అరుగుతుందో తెలియాలి

ప్లాస్టిక్ పూర్తి పేరు అల్ట్రా హై మాలిక్యులర్ వెయిట్ పాలీఇథిలీన్, మనం పీఈ అందాం. క్యారీబ్యాగులు చేసే పాలీఇథిలీన్ కుటుంబమే, కానీ గొలుసులు విపరీతంగా పొడుగు, మాలిక్యులర్ వెయిట్ 20 లక్షల నుంచి 60 లక్షల దాకా ఉంటుంది.

తుంటి మార్పిడికి ఇప్పుడున్న రూపం తెచ్చిన జాన్ చార్న్‌లీ ఇంగ్లండ్‌లోని రైటింగ్‌టన్ ఆసుపత్రిలో మొదట వాడింది ఇది కాదు, టెఫ్లాన్. టెఫ్లాన్ అంత నున్నగా జారేది ఇంకోటి లేదు కాబట్టి అదే మంచిదనుకున్నాడు, దాదాపు 300 మందికి పెట్టాడు, రెండు మూడేళ్లకే గిన్నెలు అరిగిపోయి ఆ పొడికి చుట్టూ కండ వాచిపోయి దాదాపు అన్నీ తీసెయ్యాల్సి వచ్చింది. 1962లో లాంకషైర్ బట్టల మిల్లుల్లో మగ్గాలకి ప్లాస్టిక్ గేర్లు అమ్మే ఒకాయన ఈ పీఈ ముక్క తెచ్చిచూపించాడు, చార్న్‌లీకి నచ్చలేదు, ల్యాబులో పనిచేసే హ్యారీ క్రేవెన్ మాత్రం ఆయన ఊళ్లో లేనప్పుడు దాన్ని అరుగుదల మెషిన్ మీద పెట్టి నడిపాడు, టెఫ్లాన్‌తో పోలిస్తే అసలు అరగనట్టే ఉంది, ఆ ఏడాది నవంబర్ నుంచే రోగులకి పెట్టడం మొదలైంది. ఈ కథ నాకు ఎంత ఇష్టమో చెప్పలేను, ఎందుకంటే ఇందులో మన పనికొచ్చే మొదటి పాఠం ఉంది, జారుడు వేరు, అరుగుదల వేరు. ఫ్రిక్షన్ తక్కువ వచ్చింది కదా అని మెటీరియల్ ఎంచుకోకండి.

రెండోది దిశ. నడిచేటప్పుడు తుంటి బంతి ముందుకీ వెనక్కీ మాత్రమే కదలదు, పక్కకీ తిరుగుతుంది, గిన్నె మీద ఒక్కో చుక్క గీసే దారి దీర్ఘచతురస్రంలానో కోడిగుడ్డు ఆకారంలోనో ఉంటుంది. అరటి నార తీసుకుని పొడుగ్గా లాగండి, తెగదు, అదే అడ్డంగా గోరు పెట్టండి, వెంటనే చీలిపోతుంది. పీఈ కూడా అంతే, ఒక దిశలో రుద్దితే పైపొరలో గొలుసులన్నీ ఆ దిశకి దువ్వినట్టు సర్దుకుని గట్టిపడతాయి, తర్వాత అడ్డంగా కదలిక రాగానే ఆ నారలు విడిపోయి పొడి రాలుతుంది. క్రాస్‌లింకింగ్ అంటే పక్కపక్క గొలుసుల్ని అక్కడక్కడ కట్టెయ్యడం, నులక మంచంలో అడ్డంగా కూడా అల్లినట్టు, అప్పుడు గొలుసులు ఒకే దిశకి దువ్వుకోలేవు, అడ్డంగా చీలవు.

ఆ రాలే పొడి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే గిన్నె పల్చబడటం కంటే అదే పెద్ద ప్రమాదం. పొడి రేణువులు చాలావరకు ఒక మైక్రాన్ కంటే చిన్నవి, మన ఒంట్లో మాక్రోఫేజ్ కణాలు వాటిని క్రిములనుకుని మింగుతాయి, అరిగించుకోలేవు, అవి విడుదల చేసే రసాయనాల వల్ల చుట్టూ ఉన్న ఎముక కరిగిపోతుంది, పెట్టిన కీలు వదులైపోతుంది. పాత రకం పీఈ ఏడాదికి 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దాకా అరిగేది, 0.1 దాటినవాళ్లలో ఎముక కరగడం ఎక్కువగా కనిపించింది, 0.05 కంటే తక్కువ ఉంటే దాదాపు కనపడదు, కాబట్టి మీ టార్గెట్ అక్కడ పెట్టుకోండి.

పొడి నుంచి దిమ్మ దాకా

మెడికల్ గ్రేడ్ రెజిన్ పొడి రూపంలో వస్తుంది, జీయూఆర్ 1020, జీయూఆర్ 1050 అని రెండు రకాలు ఎక్కువ వాడతారు, 1020కి మాలిక్యులర్ వెయిట్ 35 లక్షల దగ్గర, 1050కి 55 నుంచి 60 లక్షల దగ్గర. 1050లో గొలుసులు పొడుగు కాబట్టి అరుగుదల కాస్త నయం, 1020 కాస్త గట్టిదనం (పగలకుండా తట్టుకునే గుణం) వైపు, రెంటిలో ఏదైనా తప్పు కాదు. కానీ షాపులో దొరికే ఇండస్ట్రియల్ షీటు తెచ్చి మెడికల్ రిజల్ట్ రాయకండి, ఏఎస్‌టీఎం ఎఫ్ 648 గానీ ఐఎస్‌ఓ 5834 గానీ ప్రమాణం పాటించిన సర్టిఫికెట్ ఉన్నదే తీసుకోండి. కాల్షియం స్టియరేట్ కలిపిన పాత గ్రేడులు ఎక్కడైనా దొరికితే వద్దు, అది రేణువుల హద్దుల్లో చేరి అతుకుని చెడగొడుతుంది, అందుకే ఇంప్లాంట్ రెజిన్లలో దాన్ని మానేశారు.

దీన్ని కరిగించి మామూలు ప్లాస్టిక్‌లా అచ్చులోకి ఇంజెక్ట్ చెయ్యడం కుదరదు, కరిగినా పారదు, జిగురు ముద్దలా ఉంటుంది. కంప్రెషన్ మోల్డింగ్ (అచ్చులో వేడి చేస్తూ నొక్కడం) చెయ్యాలి, లేదా ర్యామ్ ఎక్స్‌ట్రూజన్‌తో (వేడి గొట్టంలోంచి నెట్టి) కడ్డీలు తియ్యాలి. మోల్డింగ్‌లో తొందరపడొద్దు, పొడి రేణువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడానికి టైం కావాలి, వేడి ఎక్కీ ఎక్కకముందే ప్రెజర్ వదిలేస్తే లోపల రేణువుల హద్దులు అలాగే ఉండిపోతాయి, పల్చగా స్లైస్ తీసి మైక్రోస్కోప్ కింద పెడితే ఇడ్లీపిండి నురగలా గీతలు కనిపిస్తాయి, అలాంటి దిమ్మని ఇక ముందుకి తీసుకెళ్లకండి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. చల్లార్చడం కూడా ప్రెజర్ కింద నెమ్మదిగా.

రేడియేషన్, ఆ తర్వాత మిగిలే అప్పు

పైన చెప్పిన క్రాస్‌లింకులు వేసేది రేడియేషనే. దిమ్మనో కడ్డీనో ముందు రేడియేట్ చేయించి ఆ తర్వాతే గిన్నెగా మెషినింగ్ చెయ్యాలి, ఎందుకంటే తర్వాత వేడి చేసేటప్పుడు వంకర్లు పోతుంది, పైగా పైపొర గాలికి ఆక్సిడైజ్ అయితే మెషినింగ్‌లో అది ఎలాగూ పోతుంది. గామా అయినా ఎలక్ట్రాన్ బీమ్ అయినా వాడొచ్చు. గామా లోతుగా వెళ్తుంది కానీ గంటలు పడుతుంది, బీమ్ చాలా ఫాస్ట్ కానీ కొన్ని సెంటీమీటర్ల లోతుకే వెళ్తుంది, పైగా డోస్ ఒక్కసారిగా పడటం వల్ల మెటీరియల్ వేడెక్కుతుంది, మందపాటి దిమ్మైతే డోస్ లోతుతో మారిపోతుంది కాబట్టి రెండు వైపుల నుంచి కొట్టించాలేమో చూసుకోవాలి. మన దేశంలో మెడికల్ సామాన్లకి గామా కొట్టే కోబాల్ట్-60 ప్లాంట్లు ట్రాంబేలో 1974లో మొదలైన ఐసోమెడ్ దగ్గర్నుంచీ ఉన్నాయి, శాంపిల్స్ పంపేటప్పుడు మీకు కావాల్సిన డోస్ కిలోగ్రేల్లో (రేడియేషన్ డోస్ కొలత) స్పష్టంగా రాయండి, స్టెరిలైజేషన్ డోస్ అనుకుని 25 కొట్టి పంపేస్తే మీ పని జరగనట్టే, ఎంత డోస్ పడిందో చూపే డోసిమీటర్ రిపోర్టు కూడా అడిగి తెచ్చుకోండి.

డోస్ ఎంత అంటే 50 నుంచి 100 కిలోగ్రేల మధ్య. 100 దాకా అరుగుదల బాగా తగ్గుతుంది, హిప్ సిమ్యులేటర్లలో (తుంటి నడకని అనుకరించే మెషిన్లలో) పాత పీఈతో పోలిస్తే 80, 90 శాతం తగ్గినట్టు ఎన్నో ల్యాబుల్లో వచ్చింది, 100 దాటాక మాత్రం లాభం పెద్దగా పెరగదు కానీ నష్టం పెరుగుతూనే ఉంటుంది, సాగే గుణం తగ్గుతుంది, పగులు ముందుకి పాకకుండా ఆపే శక్తి తగ్గుతుంది. జపాన్‌లో ఊనిషి 1970ల్లో ఏకంగా 1000 కిలోగ్రేల గిన్నెలు పెట్టించాడు, అరుగుదల నిజంగానే చాలా తక్కువ, అయినా అందరూ ఆ దారి పట్టకపోవడానికి కారణం ఈ గట్టిదనం సంగతే.

ఇప్పుడు అప్పు దగ్గరికొద్దాం. రేడియేషన్ గొలుసుల్ని తెంపి ఫ్రీ రాడికల్స్ పుట్టిస్తుంది, గొలుసులు వరస లేకుండా ఉన్న మెత్తటి అమార్ఫస్ భాగంలో ఉన్నవి ఒకదాన్నొకటి పట్టుకుని క్రాస్‌లింకులు అవుతాయి, మనకి కావాల్సింది అదే, కానీ గొలుసులు వరసగా పేర్చుకున్న క్రిస్టల్ పొరల్లో పుట్టినవి కదల్లేక అక్కడే ఇరుక్కుంటాయి, నెలల తరబడి సంవత్సరాల తరబడి నెమ్మదిగా బయటికొస్తూ ఆక్సిజన్‌ని పట్టుకుంటాయి, గొలుసులు ఇంకా తెగుతాయి, పీఈ పెళుసెక్కుతుంది. ఇది పుస్తకంలో మాట కాదు, 1990ల మధ్య దాకా ఇంప్లాంట్లని గాలిలోనే ప్యాక్ చేసి గామాతో స్టెరిలైజ్ చేసేవాళ్లు, అవి పెట్టెలో కూర్చుని కూర్చుని లోపలే పాడైపోయాయి, కోసి చూస్తే పైపొరకి కాస్త కింద తెల్లటి పట్టీ కనిపించేది, ఆ పట్టీ దగ్గరే పెచ్చులూడేవి. రోగి ఒంట్లోకి వెళ్లకముందే అరుగుదల మొదలైపోయినట్టు.

ఈ రాడికల్స్‌ని వదిలించుకోడానికి మూడు దారులున్నాయి, మూడింటికీ ఖరీదు ఉంది. మొదటిది రీమెల్టింగ్, పీఈ కరిగేది 135 డిగ్రీల దగ్గర, దాన్ని 150 దాకా వేడి చేస్తే క్రిస్టల్స్ అన్నీ కరిగి ఇరుక్కున్న రాడికల్స్ బయటపడి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, లెక్క తీరిపోతుంది, కానీ చల్లారేటప్పుడు క్రాస్‌లింకులు అడ్డం రావడంతో క్రిస్టల్స్ మళ్లీ అంత బాగా ఏర్పడవు, బలం, ఫాటిగ్ (పదేపదే పడే ఒత్తిడి) తట్టుకునే శక్తి తగ్గుతాయి. పల్చటి గిన్నెలు, నిటారుగా అమర్చినవి అంచు దగ్గర విరిగిన కేసులు కూడా వచ్చాయి. రెండోది అనీలింగ్, 130 దగ్గర ఆపేస్తారు, కరగదు కాబట్టి క్రిస్టల్స్, బలం అలాగే ఉంటాయి, కానీ కొన్ని రాడికల్స్ కూడా ఉండిపోతాయి. దీన్నే కాస్త మెరుగుచేసి 30 కిలోగ్రేలు కొట్టడం, 130 దగ్గర 8 గంటలు ఉంచడం, ఇలా మూడు సార్లు చెయ్యడం అని సీక్వెన్షియల్ పద్ధతి ఒకటి వచ్చింది, ఒకేసారి 90 కొట్టి అనీల్ చేసినదానికంటే రాడికల్స్ చాలా తక్కువ మిగులుతాయి.

మూడోది నాకు బాగా నచ్చినది, విటమిన్ ఈ. రాడికల్స్‌ని తీసెయ్యకుండా వాటికి కాపలా పెట్టడం అన్నమాట, అవి ఆక్సిజన్‌ని పట్టుకుని గొలుసులు తెంపడం మొదలుపెట్టబోతే విటమిన్ ఈ హైడ్రోజన్ ఇచ్చి ఆపుతుంది, రీమెల్టింగ్ అక్కర్లేదు కాబట్టి బలం నిలుస్తుంది. 2007 నుంచి రోగుల్లో వాడుతున్నారు. ఇందులో ఒక మెలిక ఉంది, రెజిన్ పొడిలోనే ముందుగా కలిపి తర్వాత రేడియేట్ చేస్తే విటమిన్ ఈ క్రాస్‌లింకులు అవ్వాల్సిన రాడికల్స్‌ని కూడా తినేస్తుంది, అంచేత కలిపేది 0.1 శాతం దగ్గర ఉంచి డోస్ కాస్త పెంచుకోవాలి, ఎక్కువ కలిపితే ఇంకా మంచిది అనుకుని అర శాతం పోస్తే క్రాస్‌లింక్ సరిగ్గా కాక అరుగుదల తగ్గదు. లేదంటే ముందు రేడియేట్ చేసి, తర్వాత వేడి విటమిన్ ఈలో నానబెట్టి, పైన ఎక్కువ లోపల తక్కువ కాకుండా గాలి తగలనివ్వకుండా మళ్లీ వేడిలో ఉంచి సమానంగా పాకేలా చెయ్యాలి, ఇందులో క్రాస్‌లింకింగ్ పూర్తిగా అవుతుంది కానీ టైం ఎక్కువ, మందం ఎక్కువైతే మధ్యకి చేరిందో లేదో స్లైసులు తీసి చూసుకోవాలి. కాలేజీ ల్యాబులో చేసేవాళ్లకి కలిపే పద్ధతే చెప్తాను, కంట్రోల్ చెయ్యడం సులువు.

తుది స్టెరిలైజేషన్‌లో కూడా జాగ్రత్త. రీమెల్ట్ చేసి రాడికల్స్ అన్నీ తీసేసినదాన్ని మళ్లీ గామాతో స్టెరిలైజ్ చేస్తే కొత్త అప్పు తెచ్చుకున్నట్టే, దానికి ఇథిలీన్ ఆక్సైడ్ గానీ గ్యాస్ ప్లాస్మా గానీ వాడండి. విటమిన్ ఈ ఉన్నది గామాని తట్టుకుంటుంది. ప్యాకింగ్ ఆక్సిజన్ చొరబడని ఫాయిల్‌లో, నైట్రోజన్ నింపి లేదా వాక్యూమ్‌లో.

ఫిల్లర్లు కలపాలని ఉన్నవాళ్లకి

గ్రాఫీన్, కార్బన్ నానోట్యూబులు, హైడ్రాక్సీఅపటైట్, ఏదో ఒకటి కలిపి అరుగుదల తగ్గిందని పేపర్ రాసెయ్యాలని చాలామందికి ఉంటుంది, వద్దనను, కానీ చరిత్ర ఒకసారి చూడండి. 1970ల్లో కార్బన్ ఫైబర్ కలిపిన పీఈ ఇంప్లాంట్లు మార్కెట్‌కి వచ్చాయి, ఫైబర్‌కీ పీఈకీ అతుకు కుదరలేదు, పగుళ్లు త్వరగా పాకాయి, మానేశారు. తర్వాత క్రిస్టలినిటీ బాగా పెంచిన ఒక రకం వచ్చింది, ల్యాబు లెక్కల్లో గట్టిగా ఉంది, గాలిలో గామా కొట్టాక ఆక్సిడైజ్ అయి ఒంట్లో త్వరగా అరిగింది. మీరు ఏది కలిపినా ఏజింగ్ (ఏళ్ల పాతదనాన్ని ల్యాబులో తొందరగా తెప్పించడం) తర్వాత ఎలా ఉంది, రాలిన పొడిలో ఆ ఫిల్లర్ ఎంత ఉంది, ఈ రెండూ చెప్పకుండా "అరుగుదల సగం తగ్గింది" అని రాస్తే అది సగం మాటే.

పైపూతల్లో నన్ను నిజంగా ఆకట్టుకున్నది టోక్యోలో చేసిన ఎంపీసీ పాలిమర్ గ్రాఫ్టింగ్, కణాల పైపొరలో ఉండే ఫాస్ఫోలిపిడ్ లాంటి పాలిమర్‌ని క్రాస్‌లింక్ చేసిన పీఈ మీద వంద నానోమీటర్ల దగ్గర మందంతో మొలిపిస్తారు, అది నీళ్లని పట్టుకుని గుజ్జులా పనిచేస్తుంది, 2011లో జపాన్‌లో వాడకానికి వచ్చింది. కానీ దాని కింద కూడా మంచి క్రాస్‌లింక్ పీఈ ఉండాల్సిందే.

టెస్టింగ్, ఇక్కడే ఎక్కువమంది పడిపోతారు

నేను చేసిన తప్పు చెప్తాను. మొదటి సెమిస్టర్‌లో పిన్ ఆన్ డిస్క్ మెషిన్ (బిళ్ల మీద చిన్న ముక్కని రుద్ది అరుగుదల చూసేది) మీద డిస్టిల్డ్ వాటర్ పోసి, ఒకే గీత మీద ముందుకీ వెనక్కీ నడిపాను, రెండు వారాలకి అరుగుదల దాదాపు సున్నా, ఇంట్లో ఫోన్ చేసి మరీ చెప్పుకున్నా, తర్వాత గైడ్ గారు మామూలు పీఈ కూడా అలాగే నడిపి చూడమన్నారు, అదీ సున్నానే. ఒకే దిశలో రుద్దితే గొలుసులు దువ్వుకుని గట్టిపడతాయి అని పైన చెప్పాను కదా, అదే జరిగింది, నీళ్లలోనేమో పీఈ లోహం మీదకి పొరలా అంటుకుని లెక్కంతా తారుమారవుతుంది, ఒంట్లో అలా అంటుకోదు. నాలుగు నెలల పని మళ్లీ చెయ్యాల్సి వచ్చింది. కాబట్టి కదలిక తప్పకుండా రెండు దిశల్లో ఉండాలి, చదరమో వృత్తమో, లూబ్రికెంట్‌గా పల్చబరిచిన బోవైన్ సీరం (పశువుల రక్తం నుంచి తీసిన ద్రవం) వాడాలి, కుళ్లకుండా సోడియం అజైడ్ కలిపి, ప్రొటీన్ ఎంత ఉందో లెక్క చూసుకుని. అజైడ్ విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, సింకులో పారబొయ్యొద్దు.

తుంటి సిమ్యులేటర్ దొరికితే ఐఎస్‌ఓ 14242 ప్రకారం 37 డిగ్రీల దగ్గర 50 లక్షల సైకిళ్లు, పది లక్షలు అంటే సుమారుగా ఒక ఏడాది నడక. ప్రతి 5 లక్షలకీ సీరం మార్చి, గిన్నె కడిగి, ఆరబెట్టి, తూకం వేస్తారు. ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది, పీఈ ద్రవం పీల్చుకుని బరువు పెరుగుతుంది, క్రాస్‌లింక్ చేసినదాంట్లో అరుగుదల ఎంత తక్కువంటే పీల్చుకున్న నీళ్ల కంటే తక్కువ ఉండొచ్చు, అప్పుడు నెగటివ్ అరుగుదల వస్తుంది. అందుకని కదలిక లేకుండా అదే బరువు కింద అదే సీరంలో ఇంకో గిన్నెని పక్కన నానబెట్టి ఆ తేడా కలపాలి.

అరుగుదల నంబర్ ఒక్కటే కాకుండా ఇంకో నాలుగైదు విషయాలు కూడా చూడాలి. వేడి జైలీన్‌లో ఎంత ఉబ్బుతుందో చూస్తే క్రాస్‌లింక్ ఎంతైందో తెలుస్తుంది, తక్కువ ఉబ్బితే ఎక్కువ క్రాస్‌లింక్. ఎఫ్‌టీఐఆర్‌లో (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో రసాయన బంధాలు చూసే మెషిన్‌లో) 1720 cm⁻¹ దగ్గర కార్బొనిల్ పీక్‌ని 1370 దగ్గర పీక్‌తో భాగిస్తే ఆక్సిడేషన్ ఇండెక్స్, పైనుంచి లోపలికి స్లైసు స్లైసుగా చూడాలి, పైపొర ఒక్కటే చూస్తే కింద పట్టీ తప్పిపోతుంది. ముఖ్యంగా ఏజింగ్, 70 డిగ్రీల దగ్గర 5 అట్మాస్ఫియర్ల ఆక్సిజన్‌లో 14 రోజులు ఉంచి, ఆ తర్వాత అరుగుదల, స్మాల్ పంచ్ టెస్ట్ (చిన్న బిళ్లని గుచ్చి బలం చూసేది) మళ్లీ చెయ్యండి. ఏజింగ్ ముందు టేబుల్, ఏజింగ్ తర్వాత టేబుల్ పక్కపక్కన పెట్టని థీసిస్‌ని నేనైతే నమ్మను.

ఎదురుగా తిరిగే బంతి కూడా సగం కథ. లోహపు బంతి గరుకుదనం 0.05 మైక్రాన్ దాటకూడదు, కీలుని ఎముకకి పట్టించే బోన్ సిమెంట్ ముక్క ఒకటి మధ్యలో ఇరుక్కుని గీత పడితే మంచి పీఈ కూడా అరుగుతుంది, సిరామిక్ బంతికి గీతలు తక్కువ పడతాయి. బంతి పెద్దదైతే కీలు జారిపోదు కానీ రుద్దుకునే దూరం పెరిగి పొడి ఎక్కువ రాలుతుంది, పైగా గిన్నె పల్చబడుతుంది.

మోకాలి సంగతి వేరే. అక్కడ బంతి గిన్నెలో కూర్చున్నట్టు ఉండదు, చిన్న చోట మీద ఒత్తిడి ఎక్కువ, పైపొర పొడిగా రాలడం కంటే గుంటలు పడటం, పెచ్చులూడటం భయం, అందుకే డోస్ తక్కువ వైపు మొగ్గుతారు, మందం కనీసం 8 మిల్లీమీటర్లు ఉండేలా చూస్తారు, పలక కింద లోహపు ట్రేకి రుద్దుకుని వెనకవైపు అరగకుండా ట్రేని నున్నగా పాలిష్ చేస్తారు. మనవాళ్లు పూజ దగ్గర బాసింపట్టు వేసుకుంటారు, పొలంలో గొంతుక్కూర్చుంటారు, ఆ వంపులో ఒత్తిడంతా పలక వెనక అంచు మీద పడుతుంది, మామూలు నడక సైకిల్‌లో ఇది రాదు. సిమ్యులేటర్‌లో ప్రోగ్రామ్ మార్చే వీలుంటే లోతుగా వంగే సైకిళ్లు కొన్ని కలిపి నడపండి, మన రోగులకి అది కావాలి.

చివరిగా, ప్రతి బ్యాచ్ నుంచి నాలుగు ముక్కలు దాచండి, రెండు ప్యాక్‌లో, రెండు విడిగా గాలి తగిలేలా, మీద రెజిన్ లాట్, డోస్, వేడి చేసిన టెంపరేచర్, తేదీ రాసి ల్యాబు అలమరాలో పెట్టండి, ఏడాదికోసారి ఒక స్లైస్ తీసి ఎఫ్‌టీఐఆర్ చెయ్యండి. మీరు కాలేజీ వదిలి వెళ్లేటప్పుడు ఆ డబ్బా, దాని నోట్‌బుక్కు జూనియర్ చేతికి ఇచ్చి వెళ్లండి.